సున్నాతో మొదలయ్యే నెల

సెప్టెంబరు 26, శుక్రవారం

ఈ నోటుబుక్కు ల్యాబు నోట్సు రాసుకోమని ఇచ్చారు. వెనక పేజీల నుంచి నా కోసం రాసుకుంటాను. తెలుగులో రాస్తే ఈ మెక్సికోలో చదవగలిగేవాడు కిషోర్ ఒక్కడే. వాడు తెలుగు అక్షరం చూస్తే ముఖం తిప్పుకుంటాడు. కాబట్టి భయం లేదు.

కిషోర్ మా రొయ్యల గుంటల ఓనరుకి అన్న కొడుకు. వాడికి ఇంగ్లీషు వచ్చు, రొయ్య తెలియదు. నాకు రొయ్య తెలుసు, ఇంగ్లీషు ఫోన్లో చూసి నేర్చుకున్నాను, స్పానిషు కూడా అలాగే నేర్చుకుంటున్నాను. ఇద్దరినీ కలిపితే ఒక మనిషి అవుతాడని ఓనరు లెక్క వేసి పన్నెండు వారాల రొయ్యల కోర్సుకి పంపించాడు. పదో తరగతి తప్పిన బెన్హర్‌ని విమానం ఎక్కించామని మా ఊరు మైపాడంతా చెప్పుకున్నాడు. తెచ్చుకోవాల్సిన సామాన్ల లిస్టులో రబ్బరు బూట్లు ఉంటే మాత్రం కొనివ్వలేదు. నాలుగో గుంట షెడ్డులో ఉన్న జత సంచిలో పెట్టుకుని వచ్చాను.

శుక్రవారం పొద్దున ఎనిమిదికి ఈ ప్రాంతం గురించి క్లాసు. మ్యూజియంలో పనిచేసే ముసలాయన ఇక్కడి మాయా జాతి వాళ్ళ పాత క్యాలెండర్ చెబుతున్నాడు. నెలకి ఇరవై రోజులు. అలాంటి నెలలు పద్దెనిమిది. చివర అయిదు మిగులు రోజులు, వాటికి మంచిపేరు లేదు. ఇవాళ తేదీ బోర్డు మీద రాశాడు: యాష్ నెల, సున్నా.

"సున్నా ఏంది సార్?" అన్నాను. నోట్లోంచి తెలుగే వచ్చింది. మళ్ళీ అడిగాను.

నెలలో మొదటి రోజుకి ఒకటి వెయ్యరట. ఆ రోజు నెల వచ్చి కూర్చుంటుందట, రాజు గద్దె మీద కూర్చున్నట్టు. కూర్చున్నప్పుడే దాని బరువు జనం మీద పడుతుంది. లెక్క మాత్రం మర్నాడు ఒకటితో మొదలవుతుంది. చివరి రోజు పందొమ్మిది.

నాకిది బాగా ఎక్కింది. హేచరీలో రోజూ ఇదే గొడవ. పిల్ల రొయ్య రూపం మారిన రోజుకి ఒకటి వెయ్యాలా, సున్నా వెయ్యాలా? ఒక్క రోజు తేడాతో పిల్ల ముదురా లేతా అని కొట్టుకుంటారు. చిన్నప్పుడు చర్చిలో, ప్రభువు శుక్రవారం చనిపోయి ఆదివారం లేస్తే మూడో దినం ఎట్లా అయిందని అడిగి నాన్న చేత దెబ్బ తిన్నాను. ఆ దెబ్బకి జవాబు ఇన్నేళ్ళకి ఈ ముసలాయన దగ్గర దొరికింది.

క్లాసు మధ్యలో పెంచలకృష్ణ ఫోన్. నాతో గుంటల మీద పనిచేసేవాడు, నేను పెంచలయ్య అంటాను. బయటికి వెళ్ళి మాట్లాడాను.

"రేయ్ బెన్నూ, ఒకటే వాన రా. తడికి ట్రిప్పర్ దబ్బుమని పడిపోయి కరెంటు ఆగిపోతా ఉండాది. నాలుగో గుంటలో రెక్కలు ఆగిపోయినయి. గాలాడక రొయ్య పైకి తేలతా ఉండాది."

"సూపర్‌వైజరుకి చెప్పు."

"చెప్పకుండానా? కొత్త ట్రిప్పర్ ఎప్పుడో వస్తాదంట. ఈలోపల రొయ్య సస్తే నా తోలు వలుస్తాడంట. నువ్వుండంగా ఏం జేసేవాడివి?"

ఏం చేసేవాణ్ణో చెప్పాను. రెండు నిమిషాల పని. లోపలికి వచ్చి కూర్చున్నాను.

సెప్టెంబరు 30

మేం ఉండే ఇల్లు దోన్యా ఫిదేలియాది. దోన్యా అంటే ఇక్కడ అమ్మగారు. అరవై దాటిన మాయా ఆవిడ. మీ క్యాలెండర్ చాలా గొప్పది అన్నాను. "అది మ్యూజియం వాళ్ళది నాయనా. మాకు వాన, మొక్కజొన్న, మా చచ్చిపోయినవాళ్ళ పండుగ, ఈ మూడే తేదీలు" అంది. నాకు సిగ్గేసింది. మమ్మల్ని కూడా ఎవడైనా మ్యూజియంలో చూసి వచ్చి మెచ్చుకుంటే నేను తిట్టేవాణ్ణి.

ఇవాళ గుమ్మడి గింజలు నూరిన పచ్చని ముద్దలో మొక్కజొన్న రొట్టె ముంచి, ఉడికిన గుడ్డు లోపల పెట్టి చుట్టింది. ఫోటో పెంచలయ్యకి పంపాను. వెంటనే వాయిస్ మెసేజ్.

"ఏంది రా అది, పసిబిడ్డ కక్కినట్టుండాది? ఎండు మెత్తళ్ళు పొట్లం కట్టించి పంపిస్తానంటే వద్దంటివి. తిను తిను, నాగరికం. మా గంగాభవాని నవ్వతా ఉండాది సూడు. ఉంటా."

దోన్యా ఫిదేలియా విని, చివరి మాటకి అర్థం అడిగింది. వాడు ప్రతి మెసేజ్ చివరా అదే అంటాడు కాబట్టి ఆవిడకి ఆ ముక్క పట్టుబడింది. 'నేను ఉంటాను' అని అర్థం అన్నాను.

"వెళ్ళిపోతూ ఉంటాననడం ఏమిటి?"

"మా దగ్గర అంతే."

రోజంతా పెనం దగ్గర "ఉంటా, ఉంటా" అనుకుంటూ తిరిగింది.

అక్టోబరు 3

పెంచలయ్య మెసేజ్. వాన ఆగలేదట. రెక్కలు మాత్రం తిరుగుతున్నాయట. మంచిది.

అక్టోబరు 14, మంగళవారం

సాయంత్రం ఆరూ పది. పెంచలయ్య వాయిస్ మెసేజ్, ఇరవై రెండు సెకన్లు. విన్నాను. బదులు పెట్టే లోపల దోన్యా ఫిదేలియా భోజనానికి పిలిచింది. మిరపకాయల్ని బొగ్గయ్యేదాకా కాల్చి నూరిన నల్ల ముద్దతో కోడి కూర. ఇంటి నిండా ఘాటు. కిషోర్ దగ్గి దగ్గి బయటికి పారిపోయాడు. నేను రెండుసార్లు వేయించుకున్నాను.

అక్టోబరు 15

పెంచలయ్య పోయాడు.

అక్టోబరు 16

పొద్దున కిషోర్ చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, మరిచిపోకుండా.

"బాబాయ్ ఫోన్ చేశాడు. పెంచలకృష్ణ డ్యూటీలో లేడంట. పదిహేనో తేదీ తెల్లారేటప్పుడు వచ్చి గుంటలో వల వేశాడంట, రొయ్య దొంగతనానికి. షాక్ కొట్టింది. కంపెనీకి సంబంధం లేదు. నువ్వు ఎమోషనల్ అవ్వకు."

పెంచలయ్య వాళ్ళది సముద్రం మీద బతికే ఇల్లు. వాడికి రొయ్య కావాలంటే వాళ్ళ మామ పడవ ఉంది. ఓనరు గుంటలో మందులు తిని పెరిగిన వెనామీ రొయ్యని వాడు నోట్లో పెట్టుకోడు. "గుంట రొయ్యకి ఉప్పు తెలియదు" అనేవాడు. వాడు దొంగా?

తన్నాలనిపించింది కిషోర్‌ని. తన్నలేదు. కాఫీ తాగాను.

అక్టోబరు 18

పెంచలయ్య భార్య గంగాభవాని ఫోన్ చేసింది. ఏడుపు లేదు. గొంతు ఎండిపోయి ఉంది.

"అన్నా, బడిలో పాపని రొయ్యల దొంగ కూతురు అంటా ఉండారు. పడవల కాడ మా అత్తతో ఎవురూ మాట్లాడటం లేదు. సూపర్‌వైజరు పిలిస్తేనే పోయినాడన్నా ఆయన. నేను చూస్తిని గదా, ఫోన్ వచ్చిండేది. ఆయన ఫోను గుంటలో పడిపోయింది. ఆ పొద్దు నీకేదో మెసేజ్ పెట్టినాడా?"

"పెట్టాడు."

"అది నాకు పంపీ అన్నా. పెద్దల ముందర పెడతా. నాకు ఇంకేం వద్దు. ఆయన దొంగ కాదంటే చాలు."

ఆడియో సరిగ్గా రాలేదని చెప్పాను. ఇక్కడ నెట్ బాగుండదు. నిజంగానే బాగుండదు. మెసేజ్ వచ్చినట్టు తేదీ, టైము కనిపించేలా ఫోన్ తెర ఫోటో తీసి పంపాను. ఆ పొద్దు వాడు నాతో మాట్లాడాడని దానితో తెలుస్తుంది. అది చాలు.

అక్టోబరు 19

ఇవాళ చాలా నేర్చుకున్నాను. మాయా వాళ్ళకి రెండు లెక్కలు పక్కపక్కన నడుస్తాయి. ఒకటి మూడు వందల అరవై అయిదు, ఇంకొకటి రెండు వందల అరవై. పెద్ద పళ్ళ చక్రం, చిన్న పళ్ళ చక్రం. రెండూ మళ్ళీ అదే పన్నుమీద కలవడానికి యాభై రెండేళ్ళు పడుతుంది. కాగితం మీద వేసి చూశాను, సరిపోయింది. ఇక్కడి మిరపకాయ చిన్న లాంతరులా ఉంటుంది, కారం మాత్రం మన పచ్చిమిర్చికి నాలుగింతలు. నారింజ పులుపు పిండి పందిమాంసాన్ని అరిటాకులో చుట్టి, మట్టిలో పాతిపెట్టి వండుతారు. రొట్టెపిండికి మొక్కజొన్నని సున్నపు నీళ్ళలో ఉడకబెట్టాలి. ఎంత సున్నం అని అడిగాను. చేతికి తెలుస్తుంది అంది.

ఇంకేం నేర్చుకున్నాను? ఇంకేం లేదు.

అక్టోబరు 24, శుక్రవారం

గంగాభవాని ఫోన్. క్లాసు మొదలయ్యే ముందు.

"ఏందన్నా ఇట్లా జేస్తివి? నీ ఫోటోలో పద్నాలుగో తేదీ సాయంత్రం ఆరూ పది అని ఉండాదంట గదా. పద్నాలుగు సాయంత్రం ఆయన డ్యూటీలోనే ఉండె. ఎనిమిదికి ఇంటికొచ్చె. ఆయన పోయింది పదిహేను తెల్లారి. సూపర్‌వైజరు నీ ఫోటోనే పెద్దలకి చూపించి, చూడండి, డ్యూటీలో ఉన్నప్పుడు పెట్టిన మెసేజ్ ఇది, తెల్లారి వచ్చింది దొంగతనానికే అంటా ఉండాడు."

నాకు నిలబడ్డ చోటే అర్థమైంది. అక్కడ బుధవారం తెల్లవారుజాము అయిదూ నలభై అయితే ఇక్కడ మంగళవారం సాయంత్రం ఆరూ పది. నా ఫోన్ ఇక్కడి తేదీ వేసింది. రెండు నెలలుగా క్యాలెండర్లు నేర్చుకుంటున్న మొనగాణ్ణి నేను. ఒక చనిపోయిన మనిషి మీద తప్పు తేదీ వేసి పంపాను.

"నేను మాట్లాడతాలే" అన్నాను.

"మాట కాదన్నా. ఆయన గొంతు పంపీ."

కిషోర్ తలుపు దగ్గర నిలబడి విన్నాడు. "ఇంకో రెండు వారాలు నోరు మూసుకో బెన్హర్. సర్టిఫికెట్ వస్తది. ల్యాబు నీకిస్తామన్నాడు బాబాయ్. ఊరికే చెడగొట్టుకోకు."

"మీ బాబాయ్ ట్రిప్పర్ ఎందుకు కొనలేదు రా?" అన్నాను.

"ఏ ట్రిప్పర్?" అన్నాడు. తడిలో కరెంటు మనిషికి తగలకుండా ఆపేది అదేనని నిజంగానే వాడికి తెలియదు. రొయ్య తెలియదు, కరెంటు తెలియదు. గుంటలు మాత్రం వాడివవుతాయి.

ఆడియో పెడితే నా సీటు పోతుంది. అందుకే పెట్టడం లేదు. అందుకే.

అక్టోబరు 25

ఆడియో కోసే యాప్ ఒకటి దించుకున్నాను. అయిదు నిమిషాల్లో వచ్చేసింది పని. పద్నాలుగో సెకను దగ్గర కోశాను. వాడు చెప్పాల్సిందంతా ఆ పద్నాలుగు సెకన్లలోనే ఉంది. మిగతా ఎనిమిది సెకన్లలో గంగాభవానికి పనికొచ్చేది ఏమీ లేదు.

పంపలేదు. ఊరికెళ్ళాక నేనే స్వయంగా పెద్దల ముందు వినిపిస్తాను. అదే మర్యాద.

నవంబరు 2, ఆదివారం

దోన్యా ఫిదేలియా ఇంట్లో చచ్చిపోయినవాళ్ళ పండుగ. బల్ల మీద వాళ్ళకి ఇష్టమైనవన్నీ పెడతారు. పెరట్లో గొయ్యి తవ్వి, రాళ్ళు కాల్చి, పళ్ళెమంత రొట్టెని అరిటాకుల్లో చుట్టి పూడ్చారు. లోపల కోడి, నల్లటి అలసందలు. తీసి విప్పితే మట్టి వాసన.

నాన్న చూస్తే విగ్రహాలకి పెట్టింది తిన్నావంటాడు. తిన్నాను.

బల్ల చివర ఒక గిన్నె విడిగా పెట్టింది. ఎవరూ లేని ఆత్మలకట. "నీకెవరైనా ఉన్నారా? పేరు చెప్పు, ఆ గిన్నె అతనికి ఇద్దాం" అంది.

లేరన్నాను.

ఆవిడ నన్ను చూసింది. "మరి, ఉంటా అనే అతను? మెసేజ్‌లు రావడం లేదే."

పెరట్లోకి వెళ్ళి బూట్లు కడుక్కున్నాను. శుభ్రంగానే ఉన్నాయి. మళ్ళీ కడిగాను.

నవంబరు 10, మైపాడు

వచ్చాను. సర్టిఫికెట్ సంచిలో ఉంది. వాన. రోడ్డు పక్కన రొయ్యల గుంటలన్నీ నిండి ఉన్నాయి, రెక్కలు తిరుగుతున్నాయి. ఆటో నాలుగో గుంట పక్కనుంచే వచ్చింది. నేను ఇటువైపు చూశాను, సముద్రం వైపు.

నవంబరు 12

పడవల దగ్గర పాక కింద పెద్దలు కూర్చున్నారు. పెద్ద నరసయ్య. కంపెనీ తరఫున సూపర్‌వైజరు. గంగాభవాని ఒక పక్కగా, అత్తతో.

నరసయ్య నన్నే అడిగాడు. "ఏమబ్బయ్యా, నీ ఫోటోలో పద్నాలుగు, నీ నోట్లో పదిహేను. ఏది నమ్మాల?"

ఇక్కడ తెల్లారితే అక్కడ ముందు రోజు సాయంత్రం అని చెప్పాను. వెనక నుంచి ఎవడో అన్నాడు: "అయితే ఈడ చచ్చినోడు ఆడ ఇంకా బతికుంటాడా?"

నవ్వారు. నేను నవ్వలేదు. వాడు అన్నది నిజం. ఆ సాయంత్రం ఆరూ పదికి, నా ఫోన్లో పెంచలయ్య బతికే ఉన్నాడు.

వినిపించాను.

"రేయ్ బెన్నూ, లేచినావా, పండుకున్నావా? ఈడ బుధవారం తెల్లారతా ఉండాది. సూపర్‌వైజరు ఫోన్ జేసి పిలిపించినాడు రా. నాలుగో గుంటలో రెక్కలు మళ్ళా ఆగిపోయినయంట. డ్యూటీ బుక్కులో తరవాత రాసుకుంటాడంట నా పేరు."

పద్నాలుగు సెకన్లు. సూపర్‌వైజరు నేల చూశాడు.

"పిలిస్తే పోయినోడు దొంగెట్లయితాడయ్యా?" అన్నాడు నరసయ్య. "నీ ఫోన్ తియ్యి. ఆ పొద్దు ఎవురికి జేసినావో చూపించు."

సూపర్‌వైజరు చూపించలేదు. అదే జవాబైంది. పెంచలకృష్ణ దొంగ కాదని పెద్దలు చెప్పారు, మూడుసార్లు, గట్టిగా, అందరూ వినేటట్టు. వాడి తల్లి ఇసకలో కూలబడి ఏడ్చింది. ఎవరో నా భుజం తట్టారు. ఎవరో "బెన్హరన్న గాబట్టి తెచ్చినాడు" అన్నారు.

అయిపోయింది. ఇక అయిపోయింది.

నవంబరు 13

గంగాభవాని మధ్యాహ్నం భోజనానికి పిలిచింది. మామిడికాయ లేని కాలం కాబట్టి చింతపండుతోనే పెట్టానంది, చేపల పులుసు. పాప నా పక్కనే కూర్చుని తింది. బడిలో ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదట.

తిన్నాక అంది: "అన్నా, ఆ మెసేజ్ నా ఫోన్‌కి పంపీ. అప్పుడప్పుడూ ఇనుకుంటా."

పంపాను. గడపలో కూర్చుని చెవి దగ్గర పెట్టుకుని వింది. ఇంకోసారి వింది. మూడోసారి విని ఫోన్ దించింది.

"ఇది మొత్తం కాదు గదా?"

"మొత్తమే."

"ఆయన ఉంటా అనకుండా ఏనాడూ ఫోన్ పెట్టడు. నాతో కొట్లాడి పోయినా, బజారు నుంచి ఫోన్ జేసి తిట్టి, ఉంటా అంటాడు. ఇందులో ఉంటా యాడన్నా?"

నేను ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాను.

"తెగిందా, తెంపినావా?"

ఆమె గొంతులో కోపం లేదు, అడగడమే ఉంది. అదే నేను తట్టుకోలేకపోయాను. ఇరవై రెండు సెకన్లూ పంపాను. ఆమె చెవికి పెట్టుకోలేదు, స్పీకర్ పెట్టింది. పద్నాలుగో సెకను దాటింది.

"నువ్వు చెప్పినట్టే ట్రిప్పర్ పక్కన బెట్టి వైరు డైరెక్టు కొట్టినా. తిరగతా ఉండయి. బూట్లు లేవు గదా, కాళ్ళు జివ్వుమంటా ఉండయి రా. ఏం గాదంటావా? ఉంటా."

పాప "నాన్న" అంది. గంగాభవాని పాపని లోపలికి పంపింది.

"ఎప్పుడు చెప్పినావు, డైరెక్టు కొట్టమని?"

"సెప్టెంబరు ఇరవై ఆరు."

"నువ్వు కొట్టినప్పుడు నీకేం గాలేదే."

"నేను బూట్లు వేసుకునేవాణ్ణి."

"ఆ బూట్లేవి?"

"నాతో తీసుకెళ్ళాను."

కాకి వచ్చి పాప వదిలేసిన మెతుకులు ఏరుకుంది.

"ఏం గాదంటావా అని అడిగినాడే. నువ్వేం చెప్పినావు?"

"భోజనానికి పిలిచారు."

ఆమె లేచి నేను తిన్న కంచం తీసుకుని కడగడానికి వెళ్ళింది. వెళ్తూ, వెనక్కి తిరగకుండా అంది: "పెద్దలకి గూడా మొత్తం ఇనిపించన్నా. ఆయన్ని సగం జేసి పెట్టబాక."

నవంబరు 14, శుక్రవారం

నరసయ్యకి మొత్తం వినిపించాను. ట్రిప్పర్ కొనని ఓనరూ, పిలిచి పేరు రాయని సూపర్‌వైజరూ, డైరెక్టు చెప్పిన బెన్హరూ, ముగ్గురం. ముగ్గురి పేర్లూ చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. "ఇంకెవురికైనా ఈ పని నేర్పినావా?" అని అడిగాడు. లెక్కపెట్టుకున్నాను. పదకొండు మంది. మూడేళ్ళుగా ఈ తీరంలో తెలివైనవాణ్ణి నేనే కదా.

పదకొండు మంది దగ్గరికీ తిరిగి, డైరెక్టు కొట్టొద్దని చెబుతున్నాను. ముగ్గురు నవ్వారు. "రొయ్య సస్తే ఓనరుకి నువ్వొచ్చి చెబుతావా?" అన్నారు. ల్యాబు ఉద్యోగం లేదని కిషోర్ మెసేజ్ పెట్టాడు. చదివాను. ఏమీ అనిపించలేదు.

బూట్లు నాలుగో గుంట షెడ్డులో, మేకుకి తగిలించి వచ్చాను. అక్కడ కొత్తగా చేరినవాడు వట్టి కాళ్ళతో నీళ్ళలో నిలబడి ఉన్నాడు. వేసుకోమన్నాను. "సైజు రాదన్నా" అన్నాడు.

ముసలాయన బోర్డు మీద రాసింది ముందు పేజీల్లో ఉంది. చూశాను. యాష్ నెల వచ్చి కూర్చున్నది సెప్టెంబరు ఇరవై ఆరున. ఆ రోజు సున్నా, నేను చెప్పిన రోజు. చివరి రోజు పందొమ్మిది. ఇక్కడి లెక్కలో అక్టోబరు పదిహేను, వాడు పోయిన రోజు. మధ్యలో పద్దెనిమిది రోజులు ఇక్కడ వాన పడుతూనే ఉంది. ఆ పద్దెనిమిది రోజులూ బూట్లు నా కాళ్ళకే ఉన్నాయి.